ముసలాళ్ళ మాత్ర

మాత్రల షీటు కనిపించకుండా పోయిన రోజున ఇంట్లో మొదటి నింద ఎలుక మీద పడింది. వేసినవాడు మామగారు. కోడలు సొరుగులన్నీ కుమ్మరించింది. ఆమె భర్త మంచం కింద దూరి, తలకి బొప్పి కట్టించుకుని బయటికొచ్చాడు. మామగారు మాత్రం కంచం ముందు నుంచి కదలలేదు.

"ఎలుకే అయ్యుంటుందమ్మా. ఈ మధ్య బాగా బలిసింది."

"మందులు మింగేనా మామయ్యా?"

మాట అనేసింది గానీ కోడలికి నవ్వు రాలేదు. కిందటిసారి ఏడో నెలలో కాళ్ళు వాచి, బీపీ పెరిగిపోయి, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. రోజూ రాత్రి తిన్నాక ఒక చిన్న ఆస్పిరిన్ వేసుకోమని, మరిచిపోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

అంతలో గోడ గడియారం టక్కున ఆగిపోయింది.

మామగారు గడియారాల రిపేరులోనే తల నెరిసిన మనిషి. పక్కింటి గడియారం ఆగినా ఎంగిలి చేత్తో పరిగెత్తే రకం. అలాంటివాడు తలైనా ఎత్తకుండా, "ఆగనీలే, దానికీ విశ్రాంతి కావాలి కదా" అన్నాడు.

కోడలు ఆయన్ని చూసింది, గడియారాన్ని చూసింది. నేరుగా వెళ్ళి దాని తలుపు తెరిచింది. లోపల లోలకానికి అడ్డంగా జారిపడి ఉంది మాత్రల షీటు.

"ఎలుకకి గడియారం తలుపు తీయడం ఎవరు నేర్పారు మామయ్యా?"

మంచినీళ్ళు తాగుతున్న భర్తకి పొలమారింది. మామగారు మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు.

"అది గుండెజబ్బు ముసలాళ్ళు వేసుకునే మాత్ర తల్లీ. నా షీటు మీదా అదే పేరుంది. మందుల షాపువాడు పొరబడ్డాడనుకున్నా. చెబితే నువ్వు హడలిపోతావని..." గొంతు తగ్గించాడు. "ఒకసారి అయింది చాలమ్మా."

కోడలు ఆయన కళ్ళముందే మాత్ర వేసుకుంది. మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మాత్ర ఒకటే, తాతగారూ. మీకైతే గుండె నాళాల్లో రక్తం గడ్డకట్టకుండా. ఈ అమ్మాయికేమో కడుపులో బిడ్డని పోషించే మాయలోకి రక్తం సాఫీగా పారడానికి. ఒకసారి బీపీతో దెబ్బతిన్నవాళ్ళకి అది మళ్ళీ వచ్చే ముప్పు ఎక్కువ. నాలుగో నెల దాటకముందే ఇది మొదలుపెడితే ఆ ముప్పు తగ్గుతుంది."

"రక్తం మరీ పలచబడిపోదూ?"

"చాలా చిన్న మోతాదండీ. గడియారాలు బాగుచేస్తారట కదా, మీరు వాటిలో నూనె సీసాతో పోస్తారా?"

"అబ్బే, సూదిమొనతో చుక్క పెడతాను."

"నేనూ అంతే."

మామగారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మరి గ్యారంటీ ఎన్నాళ్ళు? నేను ఏడాది ఇస్తాను."

"నేను ఒక్క పూట కూడా ఇవ్వను. ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. బీపీ చూపించుకోవడం మాత్రం మానకూడదు."

గ్యారంటీ ఇవ్వని ఆ మనిషి మీద ఆయనకి ఎందుకో గురి కుదిరింది.

ఆ రాత్రి నుంచి మామా కోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని చెరొక మాత్ర వేసుకుంటున్నారు.

"నోరు తెరవండి. నాలుక కింద దాచలేదు కదా?"

"దాచేది నేను కాదమ్మా, ఎలుక."

ఆయన పనిబల్ల మీద, ఓ మూల, మొదటి బిడ్డ కోసమని మొదలుపెట్టిన బొమ్మ గడియారం ఉంది. ఇన్నాళ్ళూ దానిమీద కప్పి ఉంచిన గుడ్డ మొన్న తీశాడు. దుమ్ము దులిపాడు. ముళ్ళు ఇంకా బిగించలేదు.