ఇద్దరి పేరు మీద డిపాజిట్

"అక్కా, నీకొచ్చే వడ్డీ ఆరు శాతం. నువ్వు కట్టేది పదమూడు. బ్యాంకుకి ఇంకా ఎన్నాళ్లు దానధర్మాలు చేస్తావే?" అంది మా చెల్లెలు, పాస్‌బుక్కు నా మొహం ముందు ఆడిస్తూ.

నాకు తెలియక కాదు. మా ఇంటి పైకప్పు కారుతుంటే ఆయన తన పేరు మీద ఐదు లక్షలు అప్పు తీసుకున్నారు. రెండు వాయిదాలు కట్టారు. ఒకరోజు స్నానానికి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటినుంచి నెలనెలా పదకొండు వేలు మా ఉమ్మడి ఖాతాలోంచి నేనే కడుతున్నాను. వేరే బ్యాంకులో నాకొచ్చే సగం పింఛనులో చాలాభాగం దానికే పోతోంది. ఇంటిపన్ను పెరిగింది, కరెంటు పెరిగింది, మోకాళ్ల మాత్రలు మరీ పెరిగాయి. ఎనిమిది లక్షల డిపాజిట్ మీద వచ్చేది నాలుగు వేలు.

డిపాజిట్ తీసేస్తే అప్పు తీరుతుంది, నాలుగున్నర లక్షలు మిగులుతాయి. కానీ ఆ రసీదు మీద మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఆయనదే ముందు. గ్యాసు పుస్తకంలో కొట్టేశారు, ఓటర్ల జాబితాలో తీసేశారు. ఈ బ్యాంకుకి మాత్రం ఆయన పోయారని నేను చెప్పనేలేదు.

చెల్లెలు ఊరుకుంటేనా! మర్నాడు రెక్క పట్టుకుని లాక్కెళ్లింది. టోకెను తీసుకుని గంటంబావు కూర్చున్నాం.

"సారు సంతకం కూడా కావాలమ్మా. రాలేదా?" అంది కౌంటరులో అమ్మాయి.

"ఏ సారు?" అంది చెల్లెలు. తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు చెప్పలేదా? బావ పోయి రెండేళ్లు దాటిందే!"

నేను సంచి జిప్పు సర్దుకున్నాను.

ఆ అమ్మాయి కంప్యూటరులో ఏదో చూసి, మళ్లీ చూసి, గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, ఈ అప్పుకి బీమా ఉంది. సారు పోయాక ఏడాదిలోపు చెప్పుంటే బాకీ అంతా వాళ్లే కట్టేసేవారు."

"అంతా అంటే?"

"అంతా."

చెల్లెలు నెత్తి కొట్టుకుంది. "రెండున్నర లక్షలకి పైనే కట్టావు కదే, తల్లీ!"

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. బీమా సంగతి నాతో ఒక్క మాట చెప్పని ఆయన మీద, ఇన్నాళ్లు అడగని వీళ్ల మీద, అందరికంటే నా మీద.

"ఆలస్యానికి కారణం రాసి అర్జీ పెట్టండి. వస్తుందని మాత్రం చెప్పలేను," అని ఫారం ఇచ్చింది. కారణం అన్నచోట ఒకటే గీత ఉంది. 'చెబితే ఆయన పేరు కొట్టేస్తారని చెప్పలేదు' అని రాశాను.

"అయ్యో, ఇలా రాస్తే పక్కన పడేస్తారు పెద్దమ్మా. ఒంట్లో బాగాలేదని రాయండి." ఇంకో ఫారం తోసింది.

"నాకేం రోగం లేదు. అదే పంపు."

"మొండిఘటం," అంది చెల్లెలు.

"అది తేలేదాకా వాయిదాలు ఆపుతారా?" అని అడిగాను.

"ఆపరమ్మా."

"అయితే ఈ డిపాజిట్ తీసి అప్పు కట్టేసుకోండి. మిగిలింది మళ్లీ డిపాజిట్ వెయ్యండి."

ఆయన మరణపత్రం తీసిచ్చాను. ఆ అమ్మాయి స్కేలు పెట్టి, రసీదు మీద మొదటి పేరుకి అడ్డంగా గీత గీసింది. స్కేలెందుకో నాకు అర్థం కాలేదు. చేత్తో గీస్తే చాలదా?

"కొత్త రసీదు ఒక్క మీ పేరు మీదేనా, పెద్దమ్మా?"

"ఇంకెవరున్నారు?" అన్నాను. చాలా గట్టిగానే అన్నట్టున్నాను, వరసలో వాళ్లంతా తిరిగి చూశారు.