వాకిట్లో చూడాల్సిన రంగు

ఫోను మోగేసరికి బిందుమాధవి చేతులు మిరపకాయల్లో ఉన్నాయి.

కల్లం నుంచి తెచ్చిన కాయల్ని ఇంటి ముందు పట్టా మీద పోసుకుని ఏరుతోంది. ఎర్రకాయ ఒక పక్క, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఇంకో పక్క. ఆ చేత్తో ఏది ముట్టుకున్నా మంటే. పిల్లనైతే అసలు ముట్టుకోకూడదు. అందుకే కొత్తగా నడక నేర్చిన హారిక నడుముకి పాత చీర ముక్క చుట్టి, కొసని అరుగు స్తంభానికి కట్టి కూర్చోబెట్టింది. అయినా కాయ ఏరేది ఒక కన్ను, పిల్లని చూసేది ఒక కన్ను. కట్టు ఊడుతుందేమో, పిల్ల పాక్కుంటూ వచ్చి కాయ నోట్లో పెట్టుకుంటుందేమో అని లోపల ఒకటే గుబులు.

గోడకి ఆనించి పెట్టిన ఫోనుని వేలి కణుపుతో నొక్కింది. తెర నిండా పసుపు వెలుగు. అందులో నాగేంద్ర మెడ, గడ్డం కొస, చేతిలో రెండు టైలు.

"తొందరగా చెప్పు బిందూ. బూడిద కోటు, తెల్ల చొక్కా. ఇదా, ఇదా?"

"వాకిట్లోకి రండి ఒక్కసారి. ఆ పసుపు లైటులో ఏం తెలుస్తుందండీ?"

"టైం లేదు. బస్సెళ్లిపోద్ది."

"ఎడం చేతిలోది పెట్టుకోండి, ముదురుది. మొన్నటి గళ్ల రుమాలు మాత్రం వద్దు. టై గళ్లదే, రుమాలూ గళ్లదే అయితే కళ్లు తిరుగుతాయి చూసేవాళ్లకి. సాదాది పెట్టండి."

"సరే. పిల్లేదీ?"

ఫోను పిల్ల వైపు తిప్పేలోపే కట్టయింది. "పెట్టేశాడా?" అంది అరుగు మీద నుంచి అత్తగారు వెంకటరావమ్మ, కొడుకు మెడ చూడ్డానికి లేవబోయి మళ్లీ కూర్చుంటూ. "మెడలో ఆ పలుపు బిగించుకునే తీరికుంది గానీ, నాలుగు మాటలు మాట్లాడే తీరిక లేదు."

నాగేంద్ర హైదరాబాదులో మగవాళ్ల సూట్లు అమ్మే పెద్ద షాపులో పని చేస్తాడు. పిల్ల కడుపులో ఉండగానే, ఇంకొల్లు దగ్గరి ఈ ఊళ్లో పత్తి చేను కౌలుకిచ్చేసి వెళ్లాడు. షాపువాళ్లు రెండు కోట్లు, మూడు చొక్కాలు ఇచ్చారు. టైలు, పై జేబులో పెట్టుకునే రుమాళ్లు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. అమ్మేవాణ్ణి చూసి కొనేవాడు నేర్చుకోవాలంట. పొద్దున షాపు తెరిచే ముందు మేనేజరు వరసగా నిలబెట్టి చూస్తాడు, బడిలో గోళ్లు చూసినట్టు.

మొదట్లో నాగేంద్రకి ఏమీ తెలియక టై ఏ గుడ్డో రుమాలూ అదే గుడ్డ ఉన్న డబ్బా సెట్టు ఒకటి కొనుక్కున్నాడు. "బ్యాండు మేళం వాడిలా ఉన్నావ్" అన్నాడంట మేనేజరు. ఆ సాయంత్రం ఫోనులో ఆ మాట చెప్పుకుని నవ్వలేక నవ్వాడు. "రెండూ ఒకటే గుడ్డ అయితే ఎబ్బెట్టుగా ఉంటదంట బిందూ. మరి ఎలా కలపాలో అర్థం కాదు నాకు."

బిందుమాధవికి వెంటనే అర్థమైంది. "చీరకి జాకెట్టు చీర ఒంటి రంగుది వేసుకుంటామా ఏంటి? అంచు రంగు చూసి తీసుకుంటాం. మీ టైలో చుక్కలున్నాయి కదా, ఆ చుక్క రంగు రుమాల్లో ఎక్కడో కాస్త ఉంటే చాలు. చుట్టాల్లా ఉండాలి గానీ కవలపిల్లల్లా ఉండకూడదు."

అలా మొదలైంది. పదో తరగతికి ముందే బడి మానేసి మిరపకాయల్లోకి వచ్చిన పిల్ల ఆమె. ఒక ఎరుపుకీ ఇంకో ఎరుపుకీ తేడా కాయలే నేర్పాయి. కోటు, చొక్కా, టై, రుమాలు అన్న నాలుగు మాటలూ ఆమెకి రోజూ మొగుడి దగ్గరికెళ్లి వచ్చే దారి అయిపోయాయి. చొక్కా కన్నా టై ముదురుగా ఉండాలి. చారల చొక్కా మీద చారల టై కట్టక తప్పకపోతే, ఒకటి సన్నచార, ఒకటి వెడల్పుచార అయుండాలి. రుమాలు ఇస్త్రీ చేసిన కాగితంలా నిలబడకూడదు, కాస్త నలిగి, కాస్త తొంగిచూడాలి. ఇవన్నీ అతను షాపులో విని చెప్పేవాడు. ఆమె ఒకటి రెండు కలిపేది. అంట్లు తోముతున్నా, పిల్లకి పాలు పడుతున్నా, రేపటి టై ఏదా అని మనసు ఆ పసుపు గదిలోనే తిరిగేది.

ఆ షాపులో మూడో అంతస్తు ఒకటుంది. పెళ్లి సూట్ల అంతస్తు. "అక్కడికి పంపిస్తే జీతం బాగుంటది. ఇల్లు తీసుకుంటా. మిమ్మల్నిద్దర్నీ తెచ్చేసుకుంటా" అని వెళ్లినప్పటి నుంచీ చెబుతున్నాడు. బిందుమాధవికి ఆ మూడో అంతస్తు రోజూ కలలోకి వచ్చేది. అందులో సూట్లుండవు. ఒక గ్యాసు పొయ్యి, చిన్న మంచం, తలుపు దగ్గర అతని చెప్పులు ఉంటాయి.

పెళ్లిళ్ల కాలం ముందు యజమాని స్వయంగా వచ్చి పైకి ఎవర్ని పంపాలో చూస్తాడని తెలిసిన రోజు, ఆమెకి అన్నం సయించలేదు.

"ఏ టై కడతారు?"

"నేరేడు రంగుది. చుక్కలది. అదొక్కటే కాస్త ఖరీదైంది."

"ఫొటో పెట్టండి. రుమాలు నేను కుట్టి పంపిస్తా."

మర్నాడు పిల్లని చంకనేసుకుని చీరాల బస్సెక్కింది. మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు గుడ్డలు తానుల కొద్దీ పరిపించింది. ఫొటోలో టై మీది చుక్కలు ఇటుక రంగులో ఉన్నాయి. గుమాస్తా తీసిన ప్రతి ఎరుపునీ షాపు గుమ్మం దాకా పట్టుకొచ్చి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసింది.

"ఏం చీరమ్మా అది, ఇంత చూస్తున్నావు?" అన్నాడు గుమాస్తా విసుగ్గా.

"చీర కాదు. మా ఆయన జేబుకి."

గుమాస్తా నోరెళ్లబెట్టాడు. ఆమె పట్టించుకోలేదు. ఇటుక రంగు గుడ్డని ఫోను పక్కన పెట్టి చూసింది. చుక్కకీ గుడ్డకీ వెంట్రుకవాసి తేడా లేదు. మీగడ రంగు పట్టుగుడ్డ మీద ఆ ఇటుక రంగు సన్నంచు వేసి, అంచంతా చేత్తోనే చుట్టి కుట్టింది. కుట్టేటప్పుడు పిల్లని అత్తగారికిచ్చి, మంట పోయేదాకా చేతులు కొబ్బరినూనెతో రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని, వాసన చూసుకుని మరీ కూర్చుంది. కారం ఘాటు అంటుకుంటే జేబులోంచి యజమాని ముక్కు దాకా వెళ్లదూ? రుమాలుని బస్సు పార్సిల్లో వేసింది.

యజమాని వచ్చిన రోజు సాయంత్రం అతను ఫోను చేశాడు. వీడియో కాదు, మామూలు ఫోను.

"ఏమన్నారండీ?"

"పక్కవాణ్ణి పంపారు పైకి."

"రుమాలు..."

"రుమాలే. యజమాని నా జేబులోంచి రెండు వేళ్లతో పట్టి లాగి, కౌంటరు మీద పెట్టాడు. అందరి ముందు. చుక్కలు రాణీరంగువి బిందూ. మన పెళ్లిలో నీ చీరుందే, ఆ రంగు. నువ్వు పక్కన ఇటుక రంగు పెట్టించావు. గొడవపడుతున్న తోడికోడళ్లలా ఉన్నాయి రెండూ. గదిలో నాకూ తేడా తెలియలేదు. షాపు లైట్లలోకి వెళ్లాక తెలిసింది. తీసేద్దామంటే అప్పటికే వరసలో నిలబెట్టారు."

"నేను ఎండలో చూశానండీ. ప్రతి గుడ్డా..."

"ఇంక ఈ టైల గోల వద్దులే. నేనే ఏదో ఒకటి కట్టుకుంటా."

మర్నాడు పొద్దున ఫోను మోగలేదు. ఆ తర్వాతా మోగలేదు. సాయంత్రాలు మాత్రం చేసేవాడు. పిల్ల తిన్నదా, దగ్గు తగ్గిందా, ఉంటా. పొద్దున్నే కాయల ముందు కూర్చుని, గోడకి ఫోను ఆనించి పెట్టేది బిందుమాధవి. నల్లటి తెరలో ఆకాశం కనిపించేది. ఈపాటికి చొక్కా వేసుకుని ఉంటాడు. ఈపాటికి టై తీస్తూ ఉంటాడు. నీలం కోటు రోజో, బూడిద కోటు రోజో. తనకి చెప్పకుండా అతని మెడకి ఏ రంగు చుట్టుకుంటుందో తెలియకపోవడం, అతను తిన్నాడో లేదో తెలియనట్టే ఉండేది.

జాకెట్లు కుట్టే జుబేదా వీధి చివర నుంచి వచ్చి పట్టా పక్కన చతికిలబడింది. "ఏమ్మాయ్, మొహం అలా ఉందేం? మీ దొర కోటు మాసిపోయిందా?"

బిందుమాధవికి దుఃఖం ఆగలేదు. కళ్లు తుడుచుకోబోయింది.

"ఒసే ఒసే, ఆ చేతుల్తో కళ్లు తుడుచుకోకే!" అని జుబేదా చేయి పట్టుకుని ఆపి, తన కొంగుతో తుడిచింది. జరిగిందంతా విని తొడ మీద కొట్టుకుంది. "గుడ్డని గుమ్మంలో చూశావు, బాగుంది. టైని ఎక్కడ చూశావు?"

"ఫోన్లో."

"ఆ ఫొటో ఎక్కడ తీశాడు?"

"గదిలో. లైటు కింద."

"చీర తేకుండా ఫోన్లో ఫొటో తెచ్చేవాళ్లని నేను గుమ్మంలోంచే పంపించేస్తా తెలుసా. కాయలేరే పిల్లవి, బల్బు కింద కాయ రంగు చూసి బేరమాడతారంటే నువ్వు నవ్వవూ?"

నవ్వదూ మరి! బల్బు కింద అన్నీ ఎరుపే. కాయల దగ్గర ఎన్నడూ మరిచిపోని సంగతి. మూడో అంతస్తు మీద ఆశకొద్దీ మొగుడి దగ్గర మరిచిపోయింది. తప్పు తనదే అనిపించి కాస్త తేలికపడింది కూడా. కానీ జుబేదా వెళ్లాక వేరే అనుమానం మొదలైంది. ఎన్నిసార్లు అడిగింది, వాకిట్లోకి రండి, వాకిట్లోకి రండి అని! ఒక్కనాడైనా ఎందుకు రాలేదు? గదిలో ఏముంది, ఎవరున్నారు? అసలు తమని తీసుకెళ్లే ఉద్దేశమే లేదేమో. మూడో అంతస్తు ఒక వంకేమో.

ఆ సాయంత్రం అతను చేసేదాకా ఆగలేకపోయింది. తనే వీడియో చేసింది. అదే పసుపు వెలుగు.

"పిల్లకేమైంది?" అన్నాడు కంగారుగా.

"పిల్ల బాగానే ఉంది. మీరు ఒక్కసారి వాకిట్లోకి రండి."

"ఇప్పుడేంటి బిందూ..."

"ఇంకా పొద్దుంది. రండి. లేకపోతే ఎందుకు రారో చెప్పండి. ఎవరన్నా ఉన్నారా ఆ గదిలో?"

నాగేంద్ర ఫోను మెల్లగా తిప్పాడు. మెట్ల కింద గది అది. వాలుగా దిగిన కప్పు. గోడలకి కిటికీ లేదు. తాడు మీద కోట్లు, అతనివీ ఇంకో ముగ్గురివీ. కింద చుట్టిపెట్టిన పరుపులు. తలుపు తెరిస్తే ఇంకో గోడ, దాని మీద కరెంటు మీటర్లు.

"ఇదీ వాకిలి" అన్నాడు. "మీటర్లు చూపించమంటావా? చూపించి, ఇక్కడికి రమ్మంటానా మిమ్మల్ని? పైకి వెళ్తే ఇల్లు తీసుకుని అప్పుడు చెబుదాం అనుకున్నా."

అరుస్తుందనుకున్నాడేమో, తల వంచుకున్నాడు.

"రేపు పొద్దున టైలన్నీ పట్టుకుని రోడ్డు మీదకి రండి" అంది బిందుమాధవి.

"లుంగీతోనా?"

"లుంగీతోనే."

పొద్దున ఆమె కాయలు ముట్టుకోలేదు. పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫోను మోగింది. తెరలో పాల బండి, టీ కొట్టు పొగ, పైన ఇంత ఆకాశం. టీ కొట్టు దగ్గరెవరో, "ఏంది తమ్ముడూ, టైలు అమ్మకానికా?" అంటున్నారు. నాగేంద్ర సిగ్గుపడుతూ టైలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. పగటి వెలుగు అతని మొహం మీద పడింది.

బిందుమాధవి టైల వంక చూడనేలేదు. పత్తి చేలో ఎండకి నిగనిగలాడుతూ వెళ్లిన మనిషి. ఆ నలుపు ఏమైంది? బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ల కింద చర్మం వెలిసిపోయింది. ఇన్నాళ్లూ ఆ బల్బు అతనికి లేని రంగు పూసి తనకి చూపించింది. పట్టా పక్కన తాలుకాయల కుప్ప కనిపించింది. చప్పున చూపు తిప్పుకుంది.

"అదిగో, నాన్న" అంది హారికతో. పిల్ల తెరని అరచేత్తో కొట్టింది.

"చెప్పు, ఏది కట్టను?"

"మూడో అంతస్తు మాట పక్కన పెట్టండి. వెలుగొచ్చే గది చూడండి. ఒక్కటైనా చాలు."

"అలాంటిది ఊరి చివర్న గానీ దొరకదు బిందూ. రెండు బస్సులు మారాలి."

"మారండి. మేం వస్తాం."

"గదిలో ఉండే ఒకడు మొన్న ఏదో చెప్పాడు. మేడ మీద ఒంటి గది అంట. ఆదివారం వెళ్లి చూస్తా" అన్నాడు, జారుతున్న టైలు భుజాన సర్దుకుంటూ. "మరి టై?"

"ఒక్కొక్కటీ చూపించండి."

నీలంది ఎత్తాడు.

"ఊహూ."

గళ్లది.

"అది కాదు."

నేరేడు రంగుది తీశాడు. చుక్కలు రాణీరంగువే. పెళ్లి చీర రంగే. ఎండలో ఎంత బాగున్నాయో! బాగుందని చెబితే వెళ్లిపోతాడు.

"అదీ కాదు. తర్వాతది?"

"అన్నీ అయిపోయాయే!"

"మొదటిది మళ్లీ చూపించండి. సరిగ్గా చూళ్లేదు."

నాగేంద్రకి అప్పుడు తెలిసింది. పెదాల కొసన నవ్వు వచ్చింది. అతని వెనక బస్సొకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. టైం లేదు అనలేదు. భుజం మీది నుంచి మొదటి టై మళ్లీ తీసి, ఎండ పడేలా మొహం పక్కన పట్టుకుని నిలబడ్డాడు.