ఇర్మా బంక

సైకిలు చక్రానికి టైరు అంటించడం తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడనీ, అతను ఫ్లాండర్స్‌లో, బీరు కార్ఖానా వెనక సందులో కాపురముంటున్నాడనీ ఒమేర్ చెప్పుకునేవాడు. ఆ ఒక్కడూ తనే అని వేరే చెప్పక్కర్లేదు. అతని భార్య ఇర్మా ఈ మాట పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటోంది. మొదట్లో నమ్మింది, తర్వాత ఓర్చుకుంది. ఇప్పుడు బంగాళాదుంపల చెక్కు తీస్తూ, అతను ఊపిరి కోసం ఆగిన చోటల్లా మిగతా మాటలు తనే అందిస్తోంది.

"పొరుగూరి వాళ్ళు బంక రాస్తారా? రొట్టెకి వెన్న పూస్తారు!" అనేవాడు ఒమేర్.

"ఆ వెన్న కూడా నిన్నటిది," అనేది ఇర్మా. "కానీ, ఆగిపోయావేం?"

పందెపు సైకిళ్ళ టైరు వేరు. ట్యూబును లోపల పెట్టి, నూలుగుడ్డతో చుట్టూ కుట్టేస్తారు. దాన్ని రిమ్ముకు పట్టి ఉంచేది బంక ఒక్కటే. పొర మీద పొర రాయాలి, ప్రతి పొరా ఆరాలి, చివరి పొర తడి మీద టైరును బిగలాగి బొటనవేళ్ళతో ఎక్కించాలి. బిగువుగా కూర్చుంటేనే బంక పట్టు ఇస్తుంది. ఒమేర్ టైర్లను నేలమాళిగలో చీకట్లో ఏళ్ళ తరబడి మాగబెడతాడు. ఆ టైర్లకు దక్కిన గౌరవం తనకు ఏనాడూ దక్కలేదని ఇర్మా వీధిలో అందరికీ చెప్పింది.

కిందటి చలికాలం నుంచి ఒమేర్ బూట్లు మానేసి చెక్క చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఎందుకని అడిగితే, "ఈ కాలం బూటు తాళ్ళు తాళ్ళేనా, ముడే పడదు," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఆ మధ్య ఒకరోజు నేలమాళిగలోకి తొంగిచూసింది ఇర్మా. టైరును ఉత్త రిమ్ము మీద వారాల తరబడి సాగదీసి, వదులైపోయాక తీసి అంటిస్తున్నాడు. జారిపోయిన మేజోడులా ఎక్కింది అది. అంత సులువుగా ఎక్కిందేమని అడిగితే, "చెయ్యి తిరిగినవాడికి అన్నీ సులువే," అన్నాడు. చింత చచ్చినా పులుపు చావదు కదా అని నవ్వుకుని, కూరకి ఉల్లిపాయలు తీసుకుని పైకొచ్చేసింది. వేళ్ళు చచ్చాయని మాత్రం అప్పుడు తోచలేదు.

ఊరి తిరనాళ్ళ నాడు సైకిలు పందెం. చనిపోయిన తమ్ముడి కొడుకు లీవెన్‌ను ఇర్మాయే పెంచింది. వాడు ఆ ఏడు మొదటిసారి పెద్దవాళ్ళతో పోటీకి దిగుతున్నాడు. దారిలో రాళ్ళ వాలు ఒకటుంది, దాని అడుగున మలుపు, మలుపు ఎదురుగా కార్ఖానా ఇటుక గోడ. అక్కడ టైరు ఊడితే మనిషి గోడకే.

పందేనికి ముందు కాఫీ హోటలు దగ్గర ఏటా జరిగే తంతు ఒకటుంది. ఒమేర్ చక్రాన్ని బల్ల మీద నిలబెట్టి, గాలి తీసి, బొటనవేళ్ళు ఆనించి టైరును పక్కకి తోస్తాడు. కదలదు. అందరూ గ్లాసులు ఎత్తుతారు. ఇంకొకరు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. పక్కింటి పొయ్యి మీది కూరలో ఉప్పు వెయ్యడం ఎంతటి తప్పో, ఒకరు అంటించిన టైరును మరొకరు తోసి చూడటం ఆ ఊళ్ళో అంతటి తప్పు.

ఆ రోజూ ఒమేర్ తోశాడు. పళ్ళు బిగించాడు, మెడ నరాలు ఉబ్బాయి.

"చూశారా! చర్చి గోపురం కదులుతుందేమో గానీ ఇది కదల్దు."

"నీకు సాటి లేదయ్యా ఒమేర్," అన్నాడు సైకిలు సంఘం పెద్ద, మాంసం కొట్టు ఫిర్మిన్.

అందరూ టైరును చూశారు. ఇర్మా మొగుడి గోళ్ళను చూసింది. గట్టిగా నొక్కితే గోరు తెల్లబడాలి. అతని గోళ్ళు గులాబీ రంగులో నిక్షేపంగా ఉన్నాయి. మెడతో తోస్తున్నాడు పెద్దమనిషి. బూటు ముడులు, వదులు టైరు, అన్నీ ఆమె మనసులో ఒక్కసారి ముడిపడ్డాయి. తోసేవాడికి బలం లేకపోతే ఏ టైరు మాత్రం కదులుతుంది?

లీవెన్ చక్రం కోసం చెయ్యి చాచాడు.

"ఆగరా," అంది ఇర్మా.

"ఏంటత్తా?"

ఇర్మా నడుముకు కట్టిన వంటగుడ్డకు చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది. "ఇర్మా!" అన్నాడు ఒమేర్. కోపంగా అందామనుకున్నాడు గానీ, గొంతులో భయమే వినిపించింది. ఆమె రెండు బొటనవేళ్ళూ ఆనించి ఒక్క తోపు తోసింది. టైరు ఉడికిన బంగాళాదుంప తొక్కలా ఊడి బల్ల మీద పడింది.

ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలో ఆగిపోయింది. ఒమేర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ళ పేరు, ఊరంతా చూస్తుండగా, అక్కడ నగ్నంగా పడి ఉంది. ఎంత కోతలరాయుడైనా ఆ మొహం చూడలేకపోయింది ఇర్మా.

"ఇది నేను అంటించింది," అంది. "ఈయన నిద్రపోతుంటే సరదాకి అంటించా. ఈయనకి తెలీదు."

అది అబద్ధమని ఒమేర్‌కు తెలుసు. తలొంచుకుని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే అతను ఒమేర్ ఎందుకవుతాడు?

"అనుకున్నా!" అని అరిచాడు. "చూడగానే అనుకున్నా, ఇది నా చేతి పని కాదని! సూపు కలిపే గరిటెతో బంక రాశావా? పిల్లాణ్ణి చంపేదానివి కదే! వదులు టైరు తెలీదు, బిగువు టైరు తెలీదు, వంటింట్లో పడుండక నీకెందుకే ఇవన్నీ?"

తన తప్పులన్నీ ఒక్కటీ మర్చిపోకుండా ఆమె నెత్తిన పోశాడు. ఫిర్మిన్ కడుపు పట్టుకుని నవ్వాడు. మిగతావాళ్ళు తోడయ్యారు. లీవెన్ మాత్రం నవ్వలేదు. ఫిర్మిన్ పాత చక్రం అరువు తెచ్చుకుని, ఎవరికీ కనబడకుండా అత్త చేతికి ఇచ్చి దాని టైరు తోయించి చూసుకున్నాడు. ఆ చక్రం మీదే వాలు దిగి, మలుపు తిరిగి, గుంపులో ఒకడిగా క్షేమంగా వచ్చాడు.

అప్పటినుంచి నేలమాళిగలో టైర్లు అంటించేది ఇర్మాయే. ఒమేర్ కుర్చీలో కూర్చుని తప్పులు వెతుకుతాడు. చక్రాలు ఎక్కడా ఊడవు. "ఒమేర్ బంకంటే బంక," అంటారు ఊళ్ళో. కుర్చీ కాలు విరిగినా, చొక్కా బొత్తాం ఊడినా, చివరికి పెళ్ళి చెడినా, "ఇర్మా బంక," అని నవ్వుతారు.

ఒకనాడు హోటల్లో గ్లాసు పిడి ఊడొచ్చింది. "ఇర్మా బంక!" అని అందరికంటే ముందు అరిచి, అందరికంటే ఎక్కువ నవ్వినవాడు ఒమేరే. ఇర్మాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఇంటికొచ్చి నేలమాళిగ మెట్లు దిగినా చల్లారలేదు. బంక డబ్బా మూత తీసి, కుర్చీలో కాళ్ళు చాపుకున్న మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఆ మాట ఇంకోసారి నీ నోట వినబడిందో, నిన్ను ఈ కుర్చీకే అంటించేస్తా," అంది. "ఊడి రాగలవో లేదో నీ బొటనవేళ్ళతో నువ్వే తోసి చూసుకో."

ఒమేర్ రెండు చేతులూ మెల్లగా కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.