హీలర్ పని నాకొద్దు

పప్పుచారుకు పోపు పెడుతుంటే మా ఆయన సుదర్శన్ హాల్లోంచి కేకేశాడు. "పద్మా, నీ ఫోన్ పట్టుకొని రా. నీకు హీలర్‌ను తీసుకున్న." అదేదో చీర తెచ్చినంత సంబరంగా చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం బట్టల దుకాణం మూసి రాగానే ఆయన, మా మరిది హరికృష్ణ, సుబేదారిలో ఉండే వాళ్ల దోస్తు గోపాల్ కలిసి ఆన్‌లైన్‌లో ఒక ఆట ఆడతారు. కత్తులు, మంత్రాలు, రాక్షసులు. ఆటలో దిగేవాళ్లు ముందుగా తమ క్లాస్ ఎంచుకోవాలి. యోధుడు కావచ్చు, విలుకాడు కావచ్చు, మాంత్రికుడు కావచ్చు. వెనక నిలబడి దెబ్బలు తిన్నవాళ్లకు మందు వేసే హీలర్ పని మాత్రం ఆ ముగ్గురిలో ఎవరికీ వద్దు. అందుకే నేను గుర్తొచ్చాను. గొడ్డలి పట్టుకున్న యోధురాలి బొమ్మ చూసి ఇదైతే బాగుంది కదా అన్నాను. "గది నీతోని కాదు. ఎన్క నిలవడి మందేస్తే సాలు, అల్కగ ఉంటది" అన్నాడు మా ఆయన.

అల్కగా, తేలిగ్గా ఉండే పనులు నాకు కొత్త కాదు. ఈ ఇంట్లో వడ్డించేవాళ్లు కూర్చోకూడదు. మామగారూ కొడుకులూ తిని లేచేదాకా గరిటె పట్టుకుని నిలబడాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆకలికి ఆగలేక కంచం పెట్టుకుంటే, మొగోళ్లు ఇంకా లేవలేదు కదా బిడ్డా అని మా అత్తమ్మ శారద నెమ్మదిగానే అంది. ఆ నెమ్మదికే నాకు ఒళ్లు మండింది. మండినా లేచి నిలబడ్డాను.

ఆట మొదలైంది. రాక్షసుడు గుహలోంచి వచ్చాడు. ఈయనకు మందు వేశాను, హరికృష్ణకు వేశాను, గోపాల్‌కు వేశాను. వదినా ఇటు, పద్మా జల్ది అని ఒకటే పిలుపులు. చివరికి ముగ్గురూ నిలబడే ఉన్నారు, నేనే కూలిపోయాను.

"సంచి నిండ మందులున్నయి గదా వదినా. నీకు నువ్వేసుకోవద్దా?" ఫోన్‌లో గోపాల్ పగలబడి నవ్వాడు. అన్నదమ్ములిద్దరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. నేను మరిచిపోలేదు. నాకూ వేసుకోవచ్చన్న ఆలోచనే తట్టలేదు. ఎమ్మెస్సీ చదివిన బుర్రకు ఆ ఒక్క సంగతి తట్టకుండా ఎవరు చేశారు? భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది, ముందు వాళ్ల మీద, ఆపైన నా మీద, మళ్లీ వాళ్ల మీదే.

కొత్తవాళ్లు ఒక్కసారి క్లాస్ మార్చుకోవచ్చట. నొక్కాను. ఇక మళ్లీ మార్చడం కుదరదు, ఖాయమేనా అని ఆట తెర మీద అడిగింది. ఇంత మర్యాదగా నన్నెవరూ ఏదీ అడగలేదు. ఖాయమే అని నొక్కాను. గొడ్డలి భుజాన వేసుకుని ఆమె వచ్చి నిలబడింది.

సుదర్శన్ ముఖం మాడిపోయింది. "ఏం జేసినవ్? మరి మాకెవలు మందేస్తరు?"

"మీ ముగ్గుర్ల ఒకలు హీలర్ కాండ్రి."

అలాగైతే టీమ్‌లో నాకు జాగా లేదన్నాడు. సరే అన్నాను. ఒక్కదాన్నే గుహ వైపు నడిచాను. హీలర్ లేక వాళ్ల ఆట ఆగిపోయింది. ఫోన్లు సోఫా మీద పడేసి ఇద్దరూ నన్నే చూస్తున్నారు. మామగారికి ఆకలవుతోంది, అన్నాలు పెట్టమని లోపలి నుంచి అత్తమ్మ పిలిచింది. రాక్షసుడు అప్పుడే బయటికొచ్చాడు. నేను తల ఎత్తలేదు.

"మీ చేతులు ఖాళీగనే ఉన్నయి గదా" అన్నాను. "మీరే పెట్టుండ్రి."