మార్చి మూడో తారీఖు ముక్క

ఒమాన్‌లోని ఇబ్రాలో తుపాకులు బాగుచేసే నాసర్ షాపులో లచ్చన్న పదమూడేళ్లుగా పనిచేస్తున్నాడు. జగిత్యాల దగ్గర కమ్మరింట పుట్టినవాడు. ఆకురాయి చేతపట్టాడంటే ఎంత మొండి ఇనుమైనా మాట వినాల్సిందే. పెళ్లిళ్లలో పేల్చే పాత తుపాకులు చేయిజారి కిందపడితే వాటంతటవే పేలేవి. అలా పేలకుండా ట్రిగ్గర్‌ని పట్టి ఉంచే చిన్న ఉక్కు కొక్కెం ఒకటి లచ్చన్న సొంత బుర్రతో చేశాడు. అదే వారం మస్కట్ నుంచి ఏదో కంపెనీ ఇంజనీరు తుపాకీ రిపేరుకని వచ్చి, ఆ కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టిన టీ తాగి వెళ్లాడు. ఏడాది తిరిగేసరికి కొక్కెం మాది, పేటెంట్ మాది, షాపువాళ్లు కాజేశారని ఆ కంపెనీయే కోర్టుకెక్కింది. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే.

లచ్చన్నకు వేరే ఆశ ఏమీ లేదు. తాను చేసింది తనదేనని కోర్టు ఒక్క మాట రాస్తే చాలు.

నాసర్ పెట్టుకున్న వకీలు ఆఫీసు నుంచి తహ్సీన్ వచ్చాడు. నిజామాబాద్ మనిషి కాబట్టి తెలుగులోనే అడిగాడు.

"అన్నా, కంపెనీ పేటెంట్‌కు అర్జీ పెట్టింది పోయినేడు మార్చి పదకొండున. అంతకు ముందే నువ్వు చేసినవని చూపెట్టాలె. ఫోటో ఉన్నదా?"

"ఏడిది తమ్మీ? తుపాకుల రూములకు ఫోన్ తేనియ్యరు గద."

సంగతి తహ్సీన్ చెప్పగానే నాసర్ హుషారుగా లేచాడు. షాపులో ఏ ముక్క తయారైనా దానిమీద ఆయనే తారీఖు గుద్దుతాడు. "మొదటి ముక్క మీద మార్చి మూడు నేనే గుద్దాను. లచ్చన్నా, తీసుకురా," అన్నాడు హిందీలో.

లచ్చన్న కదల్లేదు. "అది లేదు అర్బాబ్," అన్నాడు యజమానితో.

"లేకపోవుడేంది?" అన్నాడు తహ్సీన్.

"కొలిమిల ఏసిన. మా ఇంట్ల కొత్త పనిముట్టు ఏది చేసినా మొదటిది కొలిమిది, రెండోది కొనేటోనిది. మా తాత నుంచి గంతే. పసుపు బొట్టు వెట్టి, ఎర్రగ కాల్చి, దాన్నే మేకుగ సాగగొట్టిన."

"రెండోది ఎప్పటిది?"

"ఇరవై తారీఖుది."

తహ్సీన్ ఫైలు మూసేశాడు. తరతరాలుగా కళ్లకద్దుకున్న ఆచారమే లచ్చన్నను నట్టేట ముంచింది. గోడకు అతని అన్నం సంచి వేలాడుతున్న మేకు అదే. తహ్సీన్ దాన్ని పీకి వెలుతురులో తిప్పి చూశాడు. సమ్మెట దెబ్బల కింద మార్చీ లేదు, మూడూ లేదు.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. కొక్కెం కంపెనీది; షాపులో మిగిలిన కొక్కేలన్నీ కోర్టు అధికారి ఎదుట నాశనం చెయ్యాలి. నాసర్ ఒక్క మాటా తిట్టలేదు. తిట్టినా బాగుండేదని లచ్చన్నకు అనిపించింది. ఆ ఉక్కును కొయ్యడం వేరేవాళ్ల వల్ల కాదు కాబట్టి, తన పనిని తన చేత్తోనే ఒక్కొక్కటిగా కోశాడు.

"ఇంకేమైనా ఉన్నాయా?" అని అధికారి అడిగాడు.

లచ్చన్న సంచి తీసి కింద పెట్టాడు. గోడకున్న మేకు పీకి ఆయన ముందు బల్లమీద పెట్టాడు.

"ఇది కూడా ఆ కొక్కెమే సాబ్. రాసుకోండి."

అధికారి దాన్ని వేలితో పక్కకు నెట్టాడు. "ఇది మేకు," అని కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

లచ్చన్న మేకును మళ్లీ అదే బెజ్జంలో కొట్టి, సంచి తగిలించి, డ్యూటీకి కూర్చున్నాడు.