పెత్రమాసకు ముందు పెండ్లి

కౌసల్యతో పెండ్లికి మధుసూదన్ ఒక షరతు పెట్టాడు. ఖర్చంతా కలిపి తన ఒక నెల జీతం దాటకూడదు.

అతను సిద్దిపేటలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాడు. సొంతూరు బెజ్జంకి. అక్కడ వాళ్ళకు భూములున్నాయి. కౌసల్య తండ్రి నాగేశానికి బజారులో గాజుల దుకాణం. కులాలు వేరు. కౌసల్య అతని దగ్గరే ఇంటర్ చదివింది. తర్వాత ఒక చిన్న బడిలో టీచరుగా చేరి, వచ్చిన సంబంధాలన్నీ కాదంటూ అతని కోసం ఆగింది. కట్నం వద్దు, మంత్రాలు చదివే అయ్యగారు వద్దు, ముహూర్తం వద్దు అని అతనన్నప్పుడు ఆమెకు గర్వంగా అనిపించింది. నాగేశం మాత్రం చిన్నబోయాడు. ఒక్కతే బిడ్డ. ఉన్నంతలో పదిమందిని పిలిచి, సన్నాయి పెట్టించి చేయాలనుకున్నాడు.

"మాకు తోచింది మేం పెట్టుకుంటం సార్. మీరెందుకు ఫికర్ చేస్తరు?" అన్నాడు.

"రూపాయి దాటినా నేను రాను," అని మధుసూదన్ నవ్వాడు. నవ్వినా ఆ మాట నిజమేనని అందరికీ అర్థమైంది.

తేదీ కూడా అతనే చెప్పాడు. 1984 సెప్టెంబరులో, పెత్రమాసకు ముందు వచ్చే ఆదివారం. కౌసల్య తల్లి భారతమ్మ ఆ మాట విని చేతిలో చాట కింద పెట్టేసింది.

"గవి సచ్చినోళ్ళకు బియ్యమిచ్చే దినాలు బిడ్డా. ఎవరన్న పెండ్లి చేస్తరా?"

"ఎవరూ చెయ్యరు గనకనే అన్నీ అగ్గువకు దొరుకుతయమ్మా," అంది కౌసల్య. మధుసూదన్ చెప్పిన మాటనే ఆమె తన మాటలా చెప్పింది.

చెప్పినట్టే దొరికాయి. సీజను కాదని టెంటు హౌజువాడు కుర్చీలు, జంపఖానాలు సగం కిరాయికి ఇచ్చాడు. హైస్కూలులో పెద్ద గది ఉత్తపుణ్యానికి దొరికింది. చాయ్, బిస్కెట్లు చాలన్నాడు మధుసూదన్. కౌసల్య ఒప్పుకోలేదు. అతని లెక్క దాటకుండానే పులిహోర, బూందీ, పెరుగన్నం పెట్టి చూపిస్తానంది. పక్కింటి ఎల్లవ్వను, వాడకట్టు ఆడవాళ్ళను పోగుచేసి వంటకు వాళ్ళనే ఒప్పించింది. విస్తరాకులు వాళ్ళంతా కూర్చుని కుట్టారు. ఇక పూలు. బతుకమ్మకు పూసే పూలు అప్పటికే విరగబూసి ఉన్నాయి. మద్దూరు దారిలో మెట్ట చెల్కలన్నీ తంగేడు పసుపు, గునుగు తెలుపు. ముందురోజు ఆమె ఎల్లవ్వతో వెళ్ళి మోపులు కట్టి తెచ్చింది. గునుగును గులాబీ, ఊదా రంగుల్లో ముంచి ఆరబెట్టి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, దానిమీద వరసలు వరసలుగా కుట్టింది. ఆదివారం పొద్దున ఆ గది తలుపు తీసినవాళ్ళు గడపలోనే ఆగిపోయారు.

"పైసల్లేకుండ ఇంత సక్కదనమా!" అన్నారు. మధుసూదన్ స్నేహితులు ఆమెను మెచ్చుకుంటుంటే అతను పక్కన నిలబడి, "చూసిన్రా మరి," అన్నాడు, తనే చేసినట్టు.

అతని తల్లి పద్మమ్మ బెజ్జంకి నుంచి రాలేదు. తమ్ముడు రామేశ్వర్ ఒక్కడే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. రిటైరైన హెడ్మాస్టరు రాజనర్సు అధ్యక్షుడు. మధుసూదన్ రాసిన ప్రమాణాన్ని ఆయన ఒక్కో ముక్కగా చదువుతుంటే వధూవరులు పలికారు. 'ఒకరి స్వేచ్ఛకు ఒకరం అడ్డురాము' అన్న దగ్గర కౌసల్య గొంతు అతనికంటే గట్టిగా వినపడింది. దండలు మార్చుకున్నారు. చప్పట్లు కొట్టారు.

అప్పుడు భారతమ్మ వేదిక దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి, పసుపుతాడుకు గుచ్చిన పుస్తెలు తీసింది.

"మీ మాటలన్నీ అయిపోయినయి గద బాబూ. గిది ఒక్కటి కట్టుండ్రి. ఎవరికీ చెప్పను," అంది మెల్లగా.

మధుసూదన్ వాటిని అందుకున్నాడు. ఆమె మొహం వెలిగింది. అతను సభవైపు తిరిగి, ఆ తాడును చెయ్యెత్తి అందరికీ చూపించాడు.

"మిత్రులారా, మా అత్తగారు తన బిడ్డకు పలుపు వేయమంటున్నారు. తప్పు ఆమెది కాదు. పశువును కట్టేసే తాడుకే పసుపు పూసి ఇచ్చిన ఈ సమాజానిది!"

గదంతా నవ్వులు. భారతమ్మకు ఏం చేయాలో తెలియక తనూ నవ్వబోయింది. నోరు వంకరపోయింది. అతను తాడును ఆమె చేతిలో పెట్టి, చెయ్యి మూసి, "దాచుకోండి," అన్నాడు. మళ్ళీ నవ్వారు.

"అమ్మా, నడువు. నా ఇజ్జత్ తీయకు," అంది కౌసల్య పళ్ళ బిగువున.

భారతమ్మ వంటల దగ్గరికి వెళ్ళిపోయి సాయంత్రం దాకా వడ్డిస్తూనే ఉంది. ఆమె తిన్నదో లేదో ఎవరూ అడగలేదు.

రెండేళ్ళకు కౌసల్యకు బిడ్డ పుట్టింది. అరుణ అని మధుసూదనే పేరు పెట్టాడు. పెండ్లిని రిజిస్టరు చేయిద్దామని నాగేశం ఒకటి రెండుసార్లు గుర్తుచేశాడు. "మన మనసులకు సర్కారు ముద్ర ఎందుకు?" అని మధుసూదన్ కొట్టేశాడు. కౌసల్యకు అదీ గొప్పగానే తోచింది.

1988 ఎండాకాలంలో రామేశ్వర్ పెండ్లి కుదిరింది. పద్మమ్మ మొదటిసారి కోడలికి కబురు పంపింది.

"నీకు అగ్గువల సక్కగ చేసుడు వస్తదట గద. వచ్చి చెయ్యి."

ఆ పిలుపుకే కౌసల్య పొంగిపోయింది. బిడ్డను చంకనేసుకుని బెజ్జంకి వెళ్ళింది. టెంటు మాన్పించి తాటాకు పందిరి వేయించింది. గుంజలకు మామిడాకులు, అరటి బోదెలు కట్టించింది. సున్నం వేయించిన గోడలమీద ఎర్రమట్టి జాజుతో తనే ముగ్గులు గీసింది. ఎండలో తిరిగి తిరిగి ఆమె చేతులు పొక్కులెక్కాయి. "పెద్దకోడలు ఇల్లు నిలబెట్టింది," అని ఊళ్ళో ఆడవాళ్ళు అనడం పద్మమ్మ వింది.

పెండ్లి ముందురోజు ఐరేని కుండలు తేవాలి. కుమ్మరి ఇంటి నుంచి రంగులు పూసిన ఆ కుండలను ముత్తైదువలు డప్పులతో ఎత్తుకొస్తారు. మొదటి కుండ పెద్దకోడలిది. కౌసల్య తలస్నానం చేసి, కొత్తచీర కట్టుకుని, ముందు వరసలో నిలబడి కుండ మీద చెయ్యి వేసింది. పద్మమ్మ వచ్చి ఆ చెయ్యి తీసేసింది.

"నువ్వు పట్టొద్దు. పుస్తె కట్టిచ్చుకోనోళ్ళు గివి ముట్టరు. కొండవ్వా, నువ్వు పట్టు."

కొండవ్వ పద్మమ్మకు చిన్నాడబిడ్డ. జంకుతూనే ముందుకొచ్చి కుండ ఎత్తుకుంది. డప్పులు ఆగిపోయాయి. ఆడవాళ్ళందరూ కౌసల్య మెడవైపు చూశారు. కౌసల్య చుట్టాలను తోసుకుంటూ ఇంటికొచ్చి నేరుగా పందిట్లోకి వెళ్ళింది. మధుసూదన్ అక్కడ పెద్దమనుషులతో కుర్చీలో ఉన్నాడు. కరీంనగర్ నుంచి వచ్చిన కంట్రాక్టరు దుర్గయ్య అతని పక్కనే ఉన్నాడు.

"మీ అమ్మ నన్ను కుండ ముట్టనిస్తలేదు. ఒక్క మాట చెప్పుండ్రి," అంది.

"మనం ఇవన్నీ నమ్మం గదా కౌసల్యా," అన్నాడతను తీరిగ్గా. "నమ్మనోళ్ళకు కుండ పట్టకపోతే ఏమైతది? మోసుడన్న తప్పింది."

దుర్గయ్య పకపకా నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. ఆ నాలుగేళ్ళ కిందటి గది, ఆ నవ్వు, తల్లి చెయ్యి కౌసల్యకు అప్పుడు గుర్తొచ్చాయి. ఆమె వంటపొయ్యిల దగ్గరికి వెళ్ళి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

సిద్దిపేటకు తిరిగొచ్చాక ఆమె పుట్టింటికి వెళ్ళి క్షమించమని అడగాలనుకుంది. అప్పటికే భారతమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కౌసల్య ఏం చెప్పినా పైకప్పు చూస్తూ పడుకునేది. ఆ చలికాలమే భారతమ్మ చనిపోయింది.

మధుసూదన్ కాలేజీ మానేసి పార్టీలో తిరగడం మొదలుపెట్టాడు. జీపు వచ్చింది. జీపు దుర్గయ్యది. 1990లో ఒక పొద్దున చాయ్ తాగుతూ, దుర్గయ్య బిడ్డతో తనకు పెండ్లి ఖాయమైందని చెప్పాడు, ఏదో ఊరికి మీటింగుకు పోతున్నానని చెప్పినట్టే.

కౌసల్యకు మొదట అర్థం కాలేదు. "మరి నేను?"

"మనది పెండ్లని ఎవరన్నరు? అందరి ముందట నువ్వే గద గట్టిగ చదివినవు, ఒకరి స్వేచ్ఛకు ఒకరం అడ్డురామని."

నాగేశం పంచాయితీ పెట్టించాడు. పెద్దమనుషుల ముందు మధుసూదన్ నిబ్బరంగా కూర్చున్నాడు. పుస్తె ఉందా, లేదు. అయ్యగారు వచ్చాడా, లేదు. ఏ ముహూర్తం? పెత్రమాస దినాలు. ఒకరు నవ్వు ఆపుకోలేక నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నారు. చివరికి నాగేశం రాజనర్సు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సార్, మీరు దగ్గరుండి చేసిన్రు. మీరన్న చెప్పుండ్రి."

రాజనర్సు కొడుక్కి ఈమధ్యనే దుర్గయ్య పనుల్లో సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నేను అధ్యక్షత వహించిన మాట వాస్తవం," అన్నాడు. "సభకు వహించిన. సభలు నేను చానా చేసిన."

"ఆ రోజు పులిహోర తిని, పెండ్లి మస్తుగున్నదన్నరు గద సార్," అంది కౌసల్య.

"పులిహోర బాగుండె," అన్నాడాయన నేల చూస్తూ.

వకీలు కూడా అదే చెప్పాడు. తంతు లేదు, రిజిస్టరు లేదు, కేసు నిలవదు. మధుసూదన్ పెండ్లి మాఘమాసంలో అయింది. ఏడడుగులు, అరుంధతి నక్షత్రం, అన్నీ జరిపించారట. పద్మమ్మ ఐరేని కుండ తనే ఎత్తిందట. గాజులు కొనడానికొచ్చిన ఆడవాళ్ళు ఆ ముచ్చట్లు నాగేశం ముందే చెప్పుకునేవారు. ఆయన వాళ్ళ చేతులకు గాజులెక్కిస్తూ వినేవాడు.

కౌసల్య తండ్రి ఇంటికి చేరి, పాత బడిలోనే పాఠాలు చెప్పింది. 1995లో మధుసూదన్ మండలాధ్యక్షుడయ్యాడు. ఆ ఏడు బడి వార్షికోత్సవానికి యాజమాన్యం అతన్ని ముఖ్య అతిథిగా పిలిచింది. కౌసల్య వద్దనలేకపోయింది. ఉద్యోగం పోతుంది. పరుగు పందెంలో అరుణ మొదట వచ్చింది. పేరు పిలవగానే పిల్ల వేదికెక్కి అతని ముందు నిలబడింది. అతనెవరో తొమ్మిదేళ్ళ ఆ పిల్లకు తెలుసు. కింద కూర్చున్న సగంమందికి తెలుసు. అందరూ చూస్తున్నారు.

అతను బహుమతిగా స్టీలు కంచం అందిస్తూ మైకులో అడిగాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"అరుణ సార్."

"సక్కటి పేరు. ఎవరు పెట్టిన్రు?"

పిల్ల కాసేపు అతని మొహంలోకి చూసింది. "మా తాత సార్," అని అబద్ధం చెప్పి, కంచం తీసుకుని దిగివచ్చింది. చప్పట్లు మోగాయి.

ఇంటికొచ్చాక బూట్లు విప్పుకుంటూ అడిగింది. "ఆయన నిజంగనే నా పేరు మర్చిపోయిండా అమ్మా?"

మర్చిపోయాడని చెప్పొచ్చు. అదే తేలిక. కౌసల్య బిడ్డ పక్కన కూర్చుంది.

"లేదు. యాదికున్నది. కావాలని అడిగిండు."

అరుణ తలూపింది. ఏడవలేదు. కంచాన్ని తీసుకెళ్ళి వాకిట్లో ఎల్లవ్వ కోళ్ళకు నూకలు పోసే చోట పెట్టి వచ్చింది. కౌసల్య దాన్ని మళ్ళీ లోపలికి తేలేదు.