పంపు గది తాళంచెవి

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. వయసును బట్టి కాదు, ఎంతకీ అక్కణ్ణించి కదలనందుకు. ఆమె తర్వాత చేరినవాళ్ళు క్యాండిడసీ పరీక్ష గట్టెక్కి, సిద్ధాంతవ్యాసాలు రాసుకుని, డాక్టర్ అని పిలిపించుకుంటూ వెళ్ళిపోయారు. ఆ పరీక్ష గడప లాంటిది. దాటితే పరిశోధకులు. దాటనంతకాలం ఎన్నేళ్ళు చాకిరీ చేసినా విద్యార్థులే, అంటే కూలీలే. పెద్దక్క గడప ఇవతలే ఉండిపోయింది. ఆరేళ్ళు నిండేలోగా పరీక్ష కాకపోతే పేరు కొట్టేస్తారు. ఇంకొక్క నెల ఉంది.

చదువు రాక కాదు. తాళంచెవి వల్ల.

ప్రయోగశాల చివర పంపు గది. అందులో మనిషెత్తు ఉక్కు డబ్బా. దాంట్లో గాలంతా తోడేసి, గాజు పలకల మీద కంటికి ఆననంత పల్చగా లోహపు పూత పూస్తారు. అక్కడ అందరి పరిశోధనా ఆ పలకల మీదే. డబ్బాకి సూదిమొనంత చిల్లు పడ్డా పూత పాడు. పెద్దక్క ఒక్కో బోల్టు దగ్గర స్పిరిట్ చుక్క వేస్తూ ఒత్తిడి చూపే మీటరు ముల్లు చూసేది. ముల్లు ఉలిక్కిపడిన చోటే చిల్లు. మిగతావాళ్ళు పొద్దస్తమానం వెతికినా దొరకనిది ఆమెకు టీ చల్లారేలోగా దొరికేది.

చేరిన ఏడాదే ప్రయోగశాల నడిపే సారు ఆ గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజు ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు చూపించింది కూడా. రివాజు తర్వాత తెలిసింది. తాళంచెవి ఉన్నవాళ్ళు ఇంకొకరికి పని నేర్పి, అది అప్పగించాకే పరీక్షకు కూర్చోవాలి. పుచ్చుకునేవాళ్ళు లేకపోతే ఏం చెయ్యాలో రివాజులో లేదు.

ఏటా కొత్తవాళ్ళకు నేర్పింది. ఒకడు సీసాడు స్పిరిట్ నేలపాలు చేశాడు. ఒకామె బోల్టు మర తెగేదాకా బిగించింది. కళ్ళజోడు అని అందరూ పిలిచే కుర్రాడైతే ముల్లు వంక చూస్తూనే తూగేవాడు. సారు తల పంకించి, వీళ్ళకు చెయ్యి తిరగలేదమ్మా, ఈసారికి నువ్వే కానివ్వు అనేవాడు. ఆ చెయ్యి తిరగనివాళ్ళనే వరసపెట్టి పరీక్షకు పంపాడు. దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అన్నారా.

"నీతో బళ్ళో చేరినవాళ్ళ పిల్లలు బడికెళ్తున్నారే," అనేది అమ్మ. "నువ్వింకా చదవడానికి పర్మిషన్ కోసమే చదువుతున్నావు." పెద్దక్క నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది.

ఈసారి సారు దగ్గరికి వెళ్ళి తేదీ అడిగింది. ముందు ఆ కళ్ళజోడు కుర్రాడి పలకలు పూర్తి కానీ, వాడికి తేదీ ఇచ్చేశాం, తర్వాత నీ సంగతి అన్నాడు. తర్వాతైతే నా పేరే ఉండదు సార్ అంది. గడువు పెంచమని యూనివర్సిటీ వాళ్ళతో నేను మాట్లాడతాలే అని, మోగుతున్న ఫోను అందుకున్నాడు.

ఆమె కళ్ళజోణ్ణి క్యాంటీన్లో పట్టుకుంది. ఈ వారం నా పక్కన కూర్చుని పని నేర్చుకో తమ్ముడూ, తాళంచెవి తీసుకుని నన్ను బయట పడెయ్ అని బతిమాలింది. వాడు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నాకు వచ్చక్కా."

"ఏం వచ్చు?"

"చిల్లు పట్టడం. నువ్వు నేర్పిన రెండో వారానికే వచ్చేసింది. మా అందరికీ వచ్చు."

ఆమెకు వెంటనే బుర్రకెక్కలేదు. వాడే విప్పి చెప్పాడు. కొత్తవాళ్ళు చేరగానే పాతవాళ్ళు చెవిలో వేసే మొదటి మాట అదేనట: పంపు గదిలో చేతకానట్టు ఉండు. స్పిరిట్ పారబోసినవాడూ, మర తెంపినామే, అంతా కావాలనే.

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"నీకు చెప్తే ఎవరు చేస్తారక్కా."

వాడి గొంతులో ఎకసెక్కం లేదు. ఆమెకు అదే ఎక్కువ కాలింది. పోనీ ఇప్పుడైనా పుచ్చుకోరా అంటే, నాకిచ్చిన తేదీ సారు వెనక్కి తీసుకుంటాడక్కా అని గ్లాసు అక్కడే వదిలి లేచిపోయాడు.

తిన్నగా సారు గదికెళ్ళి అంతా చెప్పింది. ఆయన తల కూడా ఎత్తలేదు.

"తెలుసమ్మా. ఎవరో ఒకరు చెయ్యాలిగా."

కళ్ళజోడు గడప దాటాడు. మాట్లాడతాలే అన్న మనిషి మాట్లాడలేదు, మర్చిపోయానన్నాడు. ఆమె పేరు కొట్టేశారు. పైగా సారు దయతలిచాడు: మెకానిక్కు ఉద్యోగం వేయిస్తాను, అదే గది, నీకలవాటైన పనే, ఎక్కడికీ పోనక్కర్లేదు.

మధ్యాహ్నం అందరూ పెద్ద బల్ల చుట్టూ అన్నం డబ్బాలు విప్పుకుని తింటున్నారు. పెద్దక్క తాళంచెవి తెచ్చి బల్ల మధ్యన పెట్టింది. "వచ్చినవాళ్ళు తీసుకోండి," అంది. ఎవరి చెయ్యీ కదల్లేదు. మంచినీళ్ళ సీసా అటువైపు జరపడానికి కూడా ఎవరూ ఆ తాళంచెవి మీదుగా చెయ్యి చాచలేదు.

అప్పుడే పంపు మూలగడం మొదలెట్టింది. ఎక్కడో చిల్లు పడి ఉక్కు డబ్బాలోకి గాలి దూరుతోంది. సంచీ భుజాన వేసుకుంటున్న ఆమె చెయ్యి అలవాటు కొద్దీ పక్కన అరలో ఉన్న స్పిరిట్ సీసా వైపు వెళ్ళి, మధ్యలో ఆగింది. వసారాలోకి వచ్చి, గోడకు ఆనుకుని, లోపల ఒక్క కుర్చీ అయినా జరిగిన చప్పుడు వినిపిస్తుందేమోనని నిలబడింది.

పంపు మూలుగుతూనే ఉంది. లోపల చెంచాల చప్పుడు మళ్ళీ మొదలైంది.